ముగింపు తేదీ

కల్యాణదుర్గంలో, పంచర్ల షాపు మీది గదిలో
నా ఉద్యోగం డబ్బుకు దారి చూపడం.

ప్రతి రూపాయినీ కంప్యూటర్ రెండు ప్రశ్నలు అడుగుతుంది.
ఏ పిలుపు విని వచ్చినావు? అది క్యాంపెయిన్.
ఎవరి ఆకలికి పోతావు? అది ఫండ్.
రెండూ చెప్పందే
సేవ్ బటన్ బూడిదలోంచి లేవదు.

చేరిన కొత్తలో నాకు రెండూ ఒకటే.
ఓబుళపతి సార్ టేబుల్ మీద శెనక్కాయలు పోసి చెప్పినాడు:
"కల్లానికి ఏ బండి తోలుకొచ్చిందన్నది ఒక లెక్క.
ఏ కుప్ప విత్తనానికి, ఏ కుప్ప గానుగకన్నది ఇంకో లెక్క.
విత్తనపు కాయ నూనెకు పోయిందనుకో,
వచ్చే ఏడు చేను నిన్నే నిలదీస్తాది."
చెప్తూ చెప్తూ విత్తనాల కుప్పలోంచే
నాలుగు ఒలుచుకుని తిన్నాడు.

ఎడమ పక్క పట్టీలో ఇప్పుడు నేను పెట్టిన పేర్లే:
బడిపిల్లల కళ్లద్దాలు, డయాలసిస్‌కు పోయేవాళ్ల బస్సు చార్జీ,
ఇతరములు.
ఇతరముల్లో నెలనెలా ఒక నూటపదహారు పడుతుంది.
ఎవరో చెప్పరు.
పేరు గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు కాబట్టి
అక్కడ ఒక చుక్క పెడతాను.

అన్నిటికీ అడుగున, వెలిసిన అక్షరాల్లో
కరువు – పశుగ్రాసం.
ముగింపు తేదీ: మార్చి ముప్పయ్యొకటి.
ఆ మార్చిలో వాన పడలేదు. ఏప్రిల్లో పడలేదు.
ఆడిటరుకు ఒక తేదీ కావాల్సొచ్చి ఇచ్చినాము.
కరువుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నిన్న తిప్పక్క మెట్లెక్కి వచ్చింది.
రేషన్ కార్డు కవర్లోంచి నోట్లు తీసి
తడి వేలితో రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఆ ఏడు నా ఎద్దులకు పద్దెనిమిది మోపులు ఇచ్చినారు.
మోపు నూటముప్పై అని బోర్డు మీద రాసిండిరి.
రెండువేల మున్నూట నలభై. సూస్కో."

అది అప్పు కాదక్కా, ఊరికే ఇచ్చింది.

"ఇచ్చినప్పుడు ఊరికే.
ఎద్దులు బతికినాంక ఊరికే ఎట్లయితాది?"

ఇతరముల్లో వేస్తానన్నా. తల అడ్డంగా ఊపింది.
"గడ్డి లెక్క గడ్డిలోకే పోవాల నాయనా."
మూడేండ్లుగా సార్ నాకు నేర్పుతాండేది
ఆమెకు ముందే తెలుసు.

పాత పేరు మీద నొక్కినా. ఎర్రటి అక్షరాలు లేచినాయి.
"ఏమంటాది?" అనింది.
కరువు అయిపోయిందంట, అన్నా.
తిప్పక్క కిటికీ దిక్కు చూసి,
గాలిమరల కింద ఎండిన చేండ్ల దిక్కు చూసి,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"దానికెవురు చెప్పినారప్పా?"

సార్‌కు ఫోన్ చేసినా. బస్సులో ఉన్నాడు, హారన్ల నడుమ
"కొత్తది తెరువు" అన్నది ఒక్కటే వినపడింది.

తెరిచినా.
ఎంత పోగుచేయాలనుకుంటున్నారు?
రెండువేల మున్నూట నలభై అని కొట్టినా,
ఒక్క రోజులో నూటికి నూరు నిండిన క్యాంపెయిన్
మా ఆఫీసులో ఇదే.
ముగింపు తేదీ?
సంవత్సరాల పట్టీని కిందికి, ఇంకా కిందికి జరిపి
అది ఆగిపోయిన చోట ఆపినా.

దాత పేరు?
"నా పేరు యాలప్పా, తిన్నది అది కదా.
మచ్చోడు అని రాయి."
రెండోది?
"అది ఆ ఎండల్లోనే పోయింది, గడ్డి ముందర పెట్టుకోని.
మచ్చోన్ని మొన్న సంతలో అమ్మినా.
చేతికి డబ్బొచ్చినకాడి నుంచి
ఈ లెక్క నిద్రలో తిరుగుతాంది."

పాన్ నంబర్ అడిగింది. దాటేసినా.
చిరునామా అడిగింది.
సంతలోంచి లారీలు ఎటు పోతాయో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
కింద ఎవరిదో ట్యూబు నీళ్ల తొట్టిలో బుడగలేస్తాంది.

గడిలో చుక్క పెట్టినా.
సేవ్ వెలిగింది.

రసీదు మడిచి రేషన్ కార్డు పక్కన పెట్టుకుని,
మెట్ల కాడ ఆగి, వెనక్కి తిరిగి
"వాన పడితే మూసేస్తావా దాన్ని?" అనింది.